దెబ్బ వెనుక, గాయం ముందు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం నన్ను మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ గ్రామీణ ఆసుపత్రికి వైద్యాధికారిగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి చోటు. పుట్టిన ఊరూ అదే. మా అమ్మానాయనలు ఇతరుల చేలల్లో మిరపకాయలు ఏరి నన్ను చదివించారు. తాలూకా ఆసుపత్రిలో వైద్యాధికారి అంటే కాన్పుల నుంచి శవపరీక్షల దాకా అన్నీ చూడాల్సిందే.

చదువు ముగిసిన కొత్తలో నాగపూర్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేశాను. తలకు దెబ్బ తగిలితే మెదడు ఎక్కడ, ఎట్లా చెడుతుందో ఎలుకల మీద చూసేవాళ్లం. మత్తిచ్చిన ఎలుక తలను చట్రంలో కదలకుండా బిగించి ఇనుప మొనతో కొడితే, ఆ మొన కిందనే మెదడు నలిగేది. తలను వదులుగా ఉంచి గిర్రున తిప్పి ఒక్కసారిగా ఆపితే పైకి పెద్దగా ఏమీ కనబడేది కాదు. లోపల నరాల పోగులు సాగి తెగిపోయేవి. ఎలుక మెదడు చిన్నది, నున్ననిది. మనిషిది బరువైనది, మడతలున్నది. అక్కడ చూసిందంతా మనిషికి వర్తించదు. అయినా, దెబ్బ ఎంత గట్టిదని అడిగే ముందు తల నిలిచి ఉందా, కదులుతోందా అని అడగడం నాకు అక్కడే అలవాటైంది.

సిరొంచలో చేరిన కొన్నాళ్లకు జింగనూర్ వైపు ఒక పల్లె నుంచి మల్లయ్య అనే రైతు శవం వచ్చింది. వెంట పోలీసుల పంచనామా ఉంది. కల్లం దగ్గర గొడవలో బామ్మర్ది రాజేశం వెనుక నుంచి కట్టెతో తల పగలగొట్టాడని మల్లయ్య అన్నదమ్ములు చెప్పారు. కట్టె దొరికింది. రాజేశం ఠాణాలో ఉన్నాడు.

మల్లయ్య భార్య సమ్మక్క బయట అరుగు మీద కూర్చుంది. పోయినవాడు భర్త, పట్టుబడ్డవాడు తమ్ముడు. అత్తింటివాళ్లు ఒకవైపు, పుట్టింటివాళ్లు ఒకవైపు నిలబడ్డారు. ఆమె దగ్గరికి ఎవరూ పోలేదు. ఆమె ఎడమ చెంప వాచి ఉంది.

మల్లయ్య తల వెనుక చర్మం గీరుకుపోయి చిట్లింది. కట్టె పడితే కనబడే సన్నని, పొడుగు గుర్తు కాదది, అరచేయంత వెడల్పుంది. దాని కింద ఎముక చీలింది. పుర్రె తెరిచి చూస్తే చీలిక కింద మెదడు దాదాపు శుభ్రంగా ఉంది. నలిగి నల్లబడింది మెదడు ముందు భాగం, కణతల వైపు ఉండే కొనలు. నుదుటి మీద మాత్రం గోటి గీత కూడా లేదు.

నిలిచి ఉన్న తల మీద కట్టె పడితే సాధారణంగా దెబ్బ కిందనే మెదడు నలుగుతుంది. కదులుతున్న తల నేలకు తగిలి టక్కున ఆగితే, నష్టం ఎక్కువగా ఎదురువైపు కనబడుతుంది. మల్లయ్య నిలువునా వెనక్కి పడ్డాడు. కల్లం సిమెంటుది. నా రిపోర్టులో అదే రాశాను.

రిపోర్టు ఠాణాకు పోయాక సమ్మక్క నా గదికి వచ్చింది.

"డాక్టరమ్మా, కట్టె దెబ్బనేనా?"

"కాదు. ఎల్లెలకల పడ్డడు. తల నేలకు కొట్టుకున్నది."

"మరి మా తమ్ముడు?"

"ఎవరన్న నూకిండ్రా, తాగి తూలిండా, అది తల చూస్తె తెల్వది సమ్మక్కా. చూసినోళ్లే చెప్పాలె."

ఆమె వాచిన చెంప మీద వేలు పెట్టి చూపించింది. "నేను జూసిన. ఆయన నన్ను కొడుతుంటె వాడు అడ్డమొచ్చిండు. కట్టె ఆయన చేతులనే ఉండె. మా తమ్ముడు ఛాతి మీద చెయ్యేసి నూకిండు. ఇది చెప్తె వాడు జైలుకు పోతడు. చెప్పకపోతె ఉరేస్తరంటున్నరు. నేనేం జెయ్యాలమ్మా?"

ఏ సలహా ఇచ్చినా అది సాక్ష్యంలో నా చెయ్యి పెట్టినట్టే. "నేను చూసింది నేను రాసిన. నువ్వు చూసింది నువ్వు చెప్పు," అన్నాను. ఆ మాట కఠినంగానే వినిపించి ఉంటుంది.

రిటైరయ్యాక గడ్చిరోలి కోర్టు నుంచి సాక్ష్యానికి పిలుపొచ్చింది. తాగి తానే తూలిపడ్డాడని చెప్పొచ్చు కదా అని రాజేశం వకీలు అడిగాడు. చెప్పలేనన్నాను. కట్టెతో కొడితేనే పడి ఉండొచ్చు కదా అని సర్కారు వకీలు అడిగాడు. కట్టె గుర్తు ఒంటి మీద ఎక్కడా లేదన్నాను. నేను ఒక్క అడుగు తమ వైపు వెయ్యాలని ఇద్దరికీ ఉంది.

నా తర్వాత సమ్మక్క బోనెక్కింది. తమ్ముడి వైపు చూడకుండా, నూకిండని చెప్పింది. ఎందుకు నూకాడో కూడా చెప్పింది. హత్య నేరం నిలవలేదు. అంతకంటే చిన్న నేరానికి శిక్ష పడింది. రాజేశం ఇంకా జైలులోనే ఉన్నాడు. అత్తింట్లో ఆమెకు చోటు లేకపోయింది, పుట్టింట్లోనూ మాటలు పడలేకపోయింది. ఇప్పుడు చామోర్షిలో ఒక హాస్టల్లో వంట చేస్తూ, సెలవు దొరికినప్పుడు తమ్ముణ్ని చూసి వస్తోంది.

మెదడులోని గాయాన్ని బట్టి తల ఎట్లా కదిలిందో, ఎక్కడ ఆగిందో చాలావరకు చెప్పవచ్చు. దాన్ని కదిలించింది ఎవరో, ఎందుకో ఆ గాయంలో ఉండదు. శవపరీక్ష చేసే డాక్టరు తన రిపోర్టును అక్కడే ఆపాలి.