మిడత కొరికిన నూలు గులాబీ

పురుగుల పిన్ని చేతిలో పుట్టిన పువ్వేదీ నిక్షేపంగా ఉండేది కాదు. ఎక్కడో ఒకచోట రేకు చిరగాలి, ఆకుకి చిల్లు పడాలి, తొడిమ వాడాలి, అదీ కాకపోతే ఏకంగా ఒక గొంగళిపురుగే పాకుతూ ఉండాలి. పువ్వులన్నీ క్రోషె సూదితో అల్లిన నూలు పువ్వులు. పురుగూ నూలుదే. ఆ సంగతి ముట్టుకుంటే తప్ప తెలియదు. పురుగుని ముట్టుకునే ధైర్యం అందరికీ ఉండదు.

అందువల్ల ఒక ఆఫీసులో వీడ్కోలు సభ అనుకున్నదానికంటే కొంచెం ముందే ముగిసింది. ఆ రోజుతో ఉద్యోగం అయిపోతున్న పెద్ద ఆఫీసరుగారు వేదిక మీద నిలబడి, పిన్ని అల్లిన బొకేని గుండెలకు హత్తుకుని, తన సేవల గురించి తనే చెప్పుకుంటున్నారు. పక్కనే ఉన్న హెడ్ గుమాస్తాకి బొకేలోంచి ఆఫీసరుగారి మెడవైపు తలెత్తి చూస్తున్న పచ్చటి పురుగు కనిపించింది. తను చదవాల్సిన అభినందన కాగితాల్ని చుట్టచుట్టి ఒక్కటి వేశాడు. పురుగు కదల్లేదు. మరొకటి వేశాడు. ఆఫీసరుగారి కళ్ళజోడు ముందు వరుసలో కూర్చున్న వారి భార్య ఒళ్ళో పడింది. ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన ముందు గొంతు పెగలని మనిషి, ఆఖరి రోజున అందరూ చూస్తుండగా ఆయన ఛాతీ మీద కొట్టాడని ఆఫీసులో చాలాకాలం గౌరవంగా చెప్పుకున్నారు.

మర్నాడు గుమాస్తా నలిగిన బొకే పట్టుకుని పిన్ని దుకాణానికి వచ్చాడు. దుకాణమంటే ఇంటి ముందుగదే. కౌంటరు బల్ల వెనక కూర్చునేది పిన్ని కోడలు కాబట్టి ఏ ఫిర్యాదు వచ్చినా ముందు తగిలేది ఆమెకే. అతను చెప్పిందంతా విని కోడలు క్షమాపణ వెతుక్కుంటుండగా లోపల్నుంచి పిన్ని వచ్చింది. బొకే అందుకుని, పురుగుని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు దెబ్బలు తిన్నా చెక్కు చెదరలేదు" అని మురిసిపోయింది.

ఆ కోడలు బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని ఈ బల్ల వెనక చేరింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు అల్లిన లిల్లీ పువ్వుని వాసన చూసి నవ్వులపాలైన రోజునే, ఇంత పనితనం ముందుగదిలో మగ్గిపోకూడదని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయానికి అడ్డంగా ఉన్నవి పురుగులే. అత్తగారు ముందు చక్కటి గులాబీ అల్లుతుంది. కాసేపు మురిపెంగా చూసుకుంటుంది. ఆ తర్వాత ఒక రేకు విప్పి, దానికి కన్నం పడేటట్టు మళ్ళీ అల్లుతుంది. చూస్తున్న కోడలికి ప్రాణం ఉసూరుమనేది.

ఎవరేమన్నా పిన్ని తన పువ్వుని తప్పు పట్టనిచ్చేది కాదు. ఒక కుర్రాడు మనసుపడిన అమ్మాయికి ఇవ్వడానికి బొకే కొనుక్కుని, ఆకుకి చిల్లుందని వెనక్కి తెచ్చాడు. అది మిడత పని అంది పిన్ని. మిడత ఊరికే వాలదనీ, వాలిందంటే ఆ ప్రేమకి తిరుగులేదనీ నచ్చజెప్పి పంపింది. అదే చిల్లు మర్నాడు బడి పంతులమ్మగారి బొకేలో నత్త పని అయింది. తొడిమ వాలితే ఎండదెబ్బ, రేకు ముడుచుకుంటే వడగళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు బల్ల మీది బొకేకి పురుగుల మందు కొట్టిందని తెలిసినప్పుడు పిన్నికి నేల మీద కాళ్ళు ఆనలేదు. ఏ మందు కొట్టిందో కనుక్కురమ్మని కోడల్ని పంపింది కూడా. కోడలు వెళ్ళలేదు. వెళ్ళి కనుక్కుని వచ్చానని చెప్పింది.

ముందుగదిలో కిటికీ పక్కన రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. వాటి మధ్య దారపు ఉండలు, తీగ ముక్కలు, కాడలకి చుట్టే ఆకుపచ్చ టేపు. గంజి పెట్టిన రేకులు గోడవారగా ఆరుతుండేవి. ఒక కుర్చీ పిన్నిది. రెండోది ఆమె తోడికోడలు పెద్దమ్మది. కోడలికి ఆవిడ పెద్దత్తయ్య. ఎవరు అల్లిన పువ్వులు వారి బుట్టలో పడేవి.

పిన్నికి సూది పట్టుకోవడం నేర్పింది ఆ పెద్దమ్మే. నేర్పడమంటే మామూలు నేర్పడం కాదు. ఒక్క కుట్టు జారితే పువ్వు మొత్తం విప్పించేది. విప్పిన దారం ఉండ చుట్టించేది. ఉండ సరిగా రాకపోతే అదీ విప్పించేది. తన చేతిలో కుట్టు తప్పిన రోజున సూది పెట్టెలో పెట్టి మూత వేసేస్తానని పెద్దమ్మ ఎప్పుడూ అంటుండేది. అలాంటి మనిషి బుట్టలో కూడా చిల్లుల గులాబీలు పడుతున్నాయంటే అందుకు కారణం ఎవరో అందరికీ తెలుసు. పెద్దమ్మ వేళ్ళతో రేకులు తడిమి, చిల్లు తగలగానే, "ఒసేయ్, మళ్ళీ నా పువ్వు మీద చెయ్యి వేశావుటే" అని కసిరేది. పిన్ని వెంటనే ఒప్పుకునేది. చెయ్యి ఊరుకోవడం లేదక్కా అనేది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా పెద్దమ్మ పక్షాన నిలబడి పిన్నికి నాలుగు బుద్ధిమాటలు చెప్పి పోయేవారు.

ఇలా ఉండగా ఊరి నడిబొడ్డున కొత్తగా తెరిచిన హోటలు మేనేజరు కబురు పెట్టాడు. హాల్లో, గదుల్లో, భోజనాల బల్లల మీద ఏడాది పొడుగునా నూలు బొకేలు పెట్టాలని ఆయన ఆలోచన. పువ్వులు మాత్రం ఒక్క లోపం లేకుండా ఉండాలి, తనే వచ్చి చూసుకుంటాను అన్నాడు. ఈ ఒక్క ఆర్డరు కుదిరితే ముందుగది నిజంగా దుకాణం అవుతుంది, గుమ్మం మీద బోర్డు వేలాడుతుంది, ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగే పుట్టింటివాళ్ళ నోళ్ళు మూతపడతాయి. కోడలికి ఆశ పుట్టింది.

అత్తగారిని బతిమాలి లాభం లేదని ఆమెకు తెలుసు. కాబట్టి ఉపాయం పన్నింది. లోపం లేని పువ్వు కావాలంటే పెద్దత్తయ్య చేతి పువ్వు కావాలి. అది అత్తగారి చేతికి చిక్కకముందే తను అందుకోవాలి. ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ కుర్చీ పక్కన పీట వేసుకుని, గూటి ముందు పిల్లిలా కూర్చుంది. పెద్దమ్మ ఒక గులాబీ మొదలుపెట్టింది. మధ్యలో మంచినీళ్ళకి లేస్తే, ఆ పువ్వుని కోడలే జాగ్రత్తగా తన గుప్పిట్లో పట్టుకుంది. పెద్దమ్మ వచ్చి ఆఖరి ముడి వేసి దారం తెంపగానే చటుక్కున అందుకుని వెలుగులో పెట్టి చూసింది.

రేకులో చిల్లు. పక్క రేకులో మరొకటి. అడుగున దారం గడ్డకట్టి ఉంది.

కోడలు తలెత్తేసరికి ఎదుటి కుర్చీలోంచి అత్తగారు ఆమె మొహాన్నే చూస్తోంది.

"దొరికిపోయానమ్మాయ్. ఆ కన్నం నేను నిన్న పెట్టాను" అంది పిన్ని.

"నిన్నేమిటే? నేనీ పువ్వు మొదలుపెట్టిందే ఇవాళ పొద్దున్న" అంది పెద్దమ్మ.

"ఇవాళేనక్కా. ఇందాక మీరు మంచినీళ్ళకి లేచారు చూడండి, అప్పుడు."

"చూశావా అమ్మాయ్, మీ అత్తగారి నిర్వాకం? నేను గుక్కెడు నీళ్ళు తాగి వచ్చేలోగా. దీని చేతులు కట్టేసి కూర్చోబెట్టాలి."

పిన్ని దొంగలా తల దించుకుంది. కోడలు గులాబీని పెద్దమ్మ బుట్టలో వేసింది. ఆ గుక్కెడు నీళ్ళు తాగి వచ్చేలోగా పువ్వు ఉన్నది ఆమె గుప్పిట్లోనే.

కాసేపటికి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. వెనకే పిన్ని వచ్చి, మాట ముందుగదిలోకి వినపడకుండా కుళాయి తిప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"ఏది?"

"పురుగులు."

పిన్ని కుళాయి ఇంకాస్త తిప్పింది. పెద్దమ్మ చూపు ఎప్పుడు తగ్గడం మొదలైందో తెలియదంది. మొదట ముందుగదిలో బల్బు బాగా లేదని ఆవిడ గొడవ పెడితే బల్బు మార్చారు. తర్వాత దారం రంగు మంచిది కాదంటే దారం మార్చారు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే, అది అద్దాలతో దిద్దుకునే చూపు కాదన్నాడు. ఆ మాట విని పెద్దమ్మ, పాపం డాక్టరుకి కళ్ళు ఆనడం లేదు అని జాలిపడింది.

"కుట్టు తప్పితే సూది పెట్టేస్తానంటుంది కదా. అన్నంత పనీ చేస్తుంది. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తుంది చెప్పు? నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాతో మాట్లాడింది ఆవిడొక్కర్తే. తిట్టేదనుకో. కానీ మాట్లాడేది."

"దానికి మీ పువ్వులు కూడా ఎందుకు పాడుచేసుకోవడం?"

"రెండు బుట్టల్లోనూ ఉంటే అది పురుగు. ఒక్క బుట్టలోనే ఉంటే అది చెయ్యి" అంది పిన్ని, అంతకంటే తేలిక లెక్క లేనట్టు.

ముడిపడి గడ్డకట్టిన చోటల్లా పురుగెందుకు పాకుతుందో కోడలికి అప్పుడు తెలిసింది. ఊరంతా మిమ్మల్ని పిచ్చిదంటోంది కదా అని అడిగింది. అననీ అంది పిన్ని. పిచ్చిదాని పువ్వులట, చూసొద్దామని వచ్చినవాళ్ళు కొనకుండా పోవడం లేదు కదా అని కుళాయి కట్టేసింది.

అన్నమాట ప్రకారం హోటలు మేనేజరు వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, రెండు బుట్టలూ ముందు పెట్టుకుని, ఒక్కో పువ్వునీ వెలుగుకి ఎత్తి చూశాడు. మనిషి పనిమంతుడే. చూస్తున్నకొద్దీ పిన్ని బుట్ట ఒక పక్కకీ పెద్దమ్మ బుట్ట మరో పక్కకీ జరిగాయి. ఆ తర్వాత బల్ల మీదికి వంగి కోడలితో మెల్లిగా మాట్లాడాడు. కానీ చూపు తగ్గినకొద్దీ పెద్దమ్మకి చెవులు చురుకెక్కాయి.

"ఈ మొదటి బుట్టలో కన్నాలు కావాలని పెట్టినవని తెలుస్తోందండి. చెబితే మానేస్తారు. ఆ రెండోది అల్లుతున్న మనిషిని మాత్రం మార్చండి. ఆర్డరు మీదే."

పెద్దమ్మ చేతిలో సూది ఆగింది.

పిన్ని నోరు తెరిచింది గానీ, ఈసారి కోడలు ముందుపడింది.

"రెండింట్లోనూ కన్నాలు పెట్టేది మా అత్తయ్యేనండి. పెద్దత్తయ్య పనితనం అంటే ఆవిడకి కొంచెం అసూయ. అందుకని ఆ బుట్టలో మరీ మోటుగా పెడుతుంది."

పరాయి మనిషి ముందు కోడలు తనని అసూయపరురాలంటే, శభాష్ అన్నట్టు తల ఊపిన అత్తగారు ఈ భూమ్మీద మరొకరు ఉండరు. అవునండి, చిన్నప్పట్నుంచీ నా బుద్ధి అంతే అని కూడా కలిపింది.

అయితే ఆవిణ్ణే మానిపించండి అన్నాడు మేనేజరు.

"ఆవిడ మానదండి. మా పువ్వులు ఇలాగే పూస్తాయి. నచ్చితే తీసుకోండి" అంది కోడలు. తన గొంతులో అత్తగారి గొంతు వినబడి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మేనేజరు బూట్లు తొడుక్కున్నాడు. వచ్చినందుకు గుర్తుగా ఒక బొకే కొనుక్కుని వెళ్ళిపోయాడు. దాంతోపాటే బోర్డు వెళ్ళింది, పుట్టింటివాళ్ళకి చెప్పాల్సిన జవాబు వెళ్ళింది. కోడలు కిటికీవైపు చూసింది. పెద్దమ్మ సూది మళ్ళీ ఆడుతోంది. "అసూయట. నాకు ఎప్పుడో తెలుసు" అంటూ దర్జాగా దారం లాక్కుంటోంది.

మేనేజరు ఆ బొకేని హోటలు హాల్లో పెట్టాడు. అక్కడ అంతకుముందు ఉన్నవి ప్లాస్టిక్ పువ్వులు. వాటిని వచ్చినవాళ్ళల్లా గోటితో గీకి చూసి నవ్వుకునేవారు. పిన్ని బొకేని ఎవరూ గీకలేదు. పైగా ఒక పెద్దమనిషి, పువ్వులకి పురుగు పట్టినా పట్టించుకోరా, నీళ్ళయినా మార్చరా అని హోటలు వాళ్ళని నిలబెట్టి కడిగేశాడు. మరొకావిడ పురుగుని చూసి గది ఖాళీ చేసింది. వారం తిరక్కుండా మేనేజరు మళ్ళీ వచ్చాడు. హాలుకీ గదులకీ ఆర్డరు ఇచ్చాడు. చిల్లులు ఎన్నున్నా సరే, పురుగు మాత్రం వద్దన్నాడు. భోజనాల బల్లల సంగతి ఎత్తలేదు.

పురుగు పోయాక దారం గడ్డకట్టిన చోటల్లా పిన్ని మొగ్గలు తొడగడం మొదలుపెట్టింది. కోడలు కూడా సూది పట్టింది. ఆమె పెట్టిన మొదటి చిల్లుని చూసి పిన్ని పెదవి విరిచింది. మిడత కొరికితే ఇలా గుండ్రంగా ఉండదమ్మాయ్, ఇది చొక్కాకి కాజా కుట్టినట్టుంది అని విప్పించింది. ఆ దారం ఉండ చుట్టించింది కూడా.

ఒక మధ్యాహ్నం దుకాణం నిండా జనం ఉన్నారు. పెద్దమ్మ అప్పుడే ముగించిన గులాబీని వేళ్ళతో తడుముతూ ఒకచోట ఆగింది. మొహం ఎర్రబడింది. బేరాలాడుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదటే నీకు? ఈ గదిలో ఇన్ని పువ్వులుండగా నీ పురుగులన్నీ వచ్చి నా పువ్వుల మీదే పడతాయేం?"

పిన్ని సూది మీంచి తలెత్తకుండా అంది.

"అంత బాగా పూస్తే వాటికి మాత్రం నోరూరదా అక్కా."