మా వంటింటి గోడకు దక్కిన బిరుదు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా ఒక మాట అంటే అది నిజమా కాదా అని చూసుకునేదాన్ని కాదు, ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోయేదాన్ని. మెల్‌బోర్న్‌లో, క్లేటన్ దగ్గర ఒక అద్దె ఇంట్లో వరంగల్ అక్కా, కాకినాడ నుంచి ఊడిపడ్డ నేనూ ఉంటూ చదువుకునేవాళ్లం. ఇంటి ఓనరు తరఫున అప్పుడప్పుడూ ఇల్లు చూసిపోయే ఏజెంటమ్మ ఒకసారి పొయ్యి వెనక గోడ చూసి (ఏడాదిపాటు వేసిన పోపులన్నీ అక్కడే పసుప్పచ్చగా కొలువుదీరాయి) కాగితం మీద 'గ్రాటీ' అని రాసింది. వారంలో బాగుచేయకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని కూడా రాసింది.

"గ్రాటీ అంటే ఏందే?" అంది అక్క.

"రోతగా ఉందనక్కా! మనల్ని అంత మాటంటుందా! స్నానం చేయందే పొయ్యి ముట్టని ఇంటి పిల్లని నేను!"

"గోడ తానం చెయ్యలే గదనే."

నాకు రోషం ఆగలేదు. మర్నాడే యూనివర్సిటీ లైబ్రరీలో లావుపాటి నిఘంటువులు ముందేసుకున్నాను. గ్రాటీ అన్నది గ్రొటెస్క్ అనే మాటను కురచ చేస్తే వచ్చిందట. దాని మూలం ఇటలీవాళ్లు గుహను పిలిచే మాట. మట్టిలో కూరుకుపోయిన పాత రోమన్ భవనాల్లోకి, గుహల్లోకి దిగినట్టు దిగిన జనానికి గోడల నిండా వింత బొమ్మలు కనిపించాయట. ఆ బొమ్మల పేరు పోనుపోను వికారమైన వాటికి, చివరికి మా గోడకు దక్కింది. ఇదంతా వివరిస్తూ ఏజెంటమ్మకు నాలుగు పేజీల ఉత్తరం రాసి అక్కకు వినిపించాను. "మస్తుగుంది. గానీ ఇల్లు పోతే మనం గా గుహలనే పండాలె" అంది. (ఎల్లుండే అక్కకు పరీక్ష. అది తప్పితే సెమిస్టరంతా మళ్లీ చదవాలి.)

మర్నాడు ఏజెంటమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లి "లవ్లీ!" అంది. వెళ్లి చూద్దును కదా, గోడ తెల్లగా మెరుస్తోంది. ముందు రాత్రి నేను గదిలో ఉత్తరం శుద్ధప్రతి రాసుకుంటుంటే అక్క స్టూలు మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, చదువుకుంటూనే గోడంతా తోమిందట. జిడ్డు వదిలించే ఘాటు మందుకు అక్క వేళ్లు పొక్కిపోయాయి. మర్నాడు ఆ వేళ్లతోనే మూడు గంటలు రాయాలి. సిగ్గుతో చచ్చిపోయాను.

"నన్ను పిలవకపోయావా అక్కా?"

"రెండుసార్లు పిలిచిన. నువ్వు రోమ్‌ల ఉంటివి."

అక్క పరీక్ష గట్టెక్కింది (ఇందులో నా గొప్పేం లేదు). గోడ చూసిన రోజున మాత్రం ఉత్తరం పక్కన పడేసి, "మిగతా వంటిల్లు నేను తోముతాను, పీచు ఎక్కడుంటుందక్కా?" అని అడిగాను. అక్క పొక్కిన చేతులతోనే పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటికి ఆ వంటింట్లో నేను తినబట్టి ఏడాది. ఇప్పుడు ఆ పిల్లని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనీ అనిపిస్తుంది.