పంజాగుట్టలో నాలుగు రకాల ట్రఫుల్స్ వాసన చూసిన రోజు

హైదరాబాద్‌లో ట్రఫుల్స్ ఎక్కడ దొరుకుతాయి, వాటిలో ఏది ఎలా ఉంటుంది అని వెతుక్కుంటూ ఈ పేజీకి వచ్చినవాళ్ళకి ముందే చెబుతున్నాను, మేం సరదాకి వెళ్ళలేదు. మా ఆయన పంజాగుట్టలోని ఒక హోటల్లో ఇటాలియన్ వంటల చెఫ్. వానాకాలంలో స్కూటర్ మీంచి పడి తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయనకి వాసన తెలియడం లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు గారు. వాసన తెలిస్తేనే మళ్ళీ వంటింట్లోకి రమ్మన్నారు హోటల్ వాళ్ళు. డిసెంబర్లో ఇటలీ నుంచి ట్రఫుల్స్ వచ్చాయని, అక్కడే పనిచేసే ఆయన స్నేహితుడు యాదగిరి ఫోన్ చేశాడు. నేల లోపల గడ్డల్లా పెరిగే ఈ పుట్టగొడుగులకి రుచి కంటే వాసనే ప్రాణం. దాన్ని పట్టుకోగలిగితే ఉద్యోగం తిరిగి వచ్చినట్టేనని ఆయన ఆశ.

హోటల్ వంటిల్లు చూడాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళడం మంచిది. అప్పటికి భోజనాల హడావిడి తగ్గుతుంది. అమీర్‌పేటలో మా ఇంటి నుంచి రెండున్నరకి ఆటో ఎక్కాం. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు గుంపులుగా బయటికొస్తున్నారు. మెట్రో పనుల కోసం రోడ్డు సగం తవ్వేశారు. మామూలుగా పది నిమిషాలు పట్టే దారికి అరగంట పైనే పట్టింది, ఆటోకి ఎనభై రూపాయలు. "గీ మెట్రో అయ్యేదాంక గిట్లనే ఉంటది అక్కా, జర ఓపిక పట్టాలె," అన్నాడు డ్రైవర్. బజ్జీల బండి పక్కన ఆటో ఆగితే మరిగే నూనె, వాము వాసన ముఖానికి కొట్టాయి. నేను ఆయన వైపు చూశాను. ఆయన సిగ్నల్ వైపు చూస్తున్నారు.

యాదగిరి వెనక గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. "మస్తు రోజులైంది అన్నా! వదినా, నువ్వు సుత రా, అన్నీ చూపిస్త," అంటూ స్టీలు బల్ల మీద సీసాలు, డబ్బాలు సర్దాడు. సీసాలో ఉప్పునీళ్ళలో ఉన్నది వేసవి ట్రఫుల్. పైన నల్లగా గరుకుగా ఉంటుంది, కోస్తే లోపల లేత గోధుమ రంగు. వాసనా తక్కువే, ధరా తక్కువే. టిన్నులోది ఎడారి ట్రఫుల్. ఇక్కడి ఆసుపత్రులకి వచ్చి హోటల్లో దిగే అరబ్బుల్లో ఎవరో ఇచ్చారట. అచ్చం బంగాళాదుంపలా ఉంది. మాంసంతో కలిపి ఉడికించి తింటారు, పెద్దగా వాసనేం ఉండదు. చలికాలపు నల్ల ట్రఫుల్‌ని కోస్తే లోపల కూడా నలుపే, మధ్యలో సన్నటి తెల్ల గీతలు. గోరువెచ్చటి వెన్నలో వేస్తే దాని వాసన విచ్చుకుంటుంది. ఇక అన్నిటికన్నా ఖరీదైనది తెల్లది. దాన్ని వండరు, వడ్డించేటప్పుడు పైన పల్చటి రేకుల్లా కోసి వేస్తారు. వెల్లుల్లిని గుర్తుచేసే ఘాటైన వాసన. త్వరగా పాడైపోతుంది కాబట్టి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ ఆ కాగితం మారుస్తారు.

యాదగిరి నల్ల ట్రఫుల్ ముక్కలు వెన్నలో కలిపాడు. తొలకరికి తడిసిన మట్టిలాంటి వాసన వంటిల్లంతా నిండింది. మా ఆయన గిన్నె మీదకి వంగి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు.

"వస్తోందిరా," అన్నారు. "సన్నగానే, కానీ వస్తోంది."

"నిజంగనా అన్నా? ఇగ ఫికర్ లేదు!" యాదగిరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ ఊపులో ఆయనే ఫ్రిజ్ తెరిచి తెల్ల ట్రఫుల్ డబ్బా ఒకటి తీశారు. మూత తీసేసరికి కుళ్ళు కంపు గుప్పుమంది. నా చెయ్యి దానంతటదే కొంగుని ముక్కుకి అడ్డం పెట్టింది. "అన్నా, అది..." అంటూ యాదగిరి ఆగిపోయాడు. మా ఆయన డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు.

"అబ్బ! ఇది తెల్లది. వెల్లుల్లి వాసన ఎంత బాగా తెలుస్తోందో!"

ఆయన యాదగిరి మొహం చూశారు, నా కొంగు చూశారు. కాగితం విప్పి, బొటనవేలితో నొక్కారు. వేలు లోపలికి దిగబడింది.

"ఇది పోయింది కదరా," అన్నారు నెమ్మదిగా.

"పారేద్దామని పక్కకు పెట్టిన అన్నా. మేనేజర్ సారుకు నేనేం చెప్ప. నువ్వు డ్యూటీకి రా, నేను పక్కనే ఉంట కద."

"వద్దు. నేను రావడం లేదని చెప్పు. పాడైంది ఎవరికైనా వడ్డిస్తే?"

తిరిగి వచ్చేటప్పుడు నడుద్దామన్నారు. "నల్లది కూడా తెలియలేదు. మీరిద్దరూ అలా చూస్తుంటే లేదనలేకపోయాను," అన్నారు ఫ్లైఓవర్ దాటాక. నాకు ఏడుపొచ్చింది. ఆ రద్దీలో ఎవరూ పట్టించుకోలేదు. ఎంతో దూరం నుంచి వచ్చిన అంత ఖరీదైన వాసన ఆయన చేతిలోనే ఉండి ఆయన దాకా రాలేదు. బజ్జీల బండి దగ్గర ఆయన నన్ను ఆపి, "ఇక్కడేం వాసన?" అని అడిగారు. "వాము," అన్నాను. తల ఊపి, ముందుకి నడిచారు.

ట్రఫుల్ కొనేవాళ్ళకి ఒక్క మాట. ముందు వేలితో నొక్కండి, గట్టిగా ఉండాలి. ఆ తర్వాత వాసన చూడండి, పక్కనున్నవాళ్ళని కూడా చూడమనండి. మా ఇంట్లో ఇప్పుడు పాలైనా, రాత్రి మిగిలిన పప్పైనా అంతే. వంట ఆయనే చేస్తారు. దించేముందు నన్ను పిలుస్తారు.