విరూర్ నుంచి వచ్చిన వాటర్ పంపు

మొన్న మంగళవారం పొద్దున బాబుపేట్‌లో మా మేనత్త కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "పాపం, చిన్నతనంలనే మొగుడు పోయిండు, ఒక్కతే బతికింది."

పాపమేమిటండీ? మొగుడు వదిలిపోయిన పాత ఫియట్‌ను ముసలితనం దాకా తానే నడిపిన మనిషి. ఆమె ఎదురొస్తే గడప దాటినవాళ్లు మళ్లీ లోపలికెళ్లి మంచినీళ్లు తాగి బయల్దేరేవారు. ఆ నీళ్లు తాగినవాళ్లే, ఇంట్లో కాన్పు నొప్పులు మొదలైతే బండి కోసం ఆమె తలుపు కొట్టారు. జాలి పడదలచుకుంటే వాళ్ల మీద పడండి. ఆమె మేనల్లుణ్నని చెప్పుకోవడం నాకు గర్వం.

పోయిన ఎండాకాలం నా కూతురి పెళ్లి. ఈ అవ్వ ఫియట్‌లోనే రాజురాలోని అత్తారింటికి పోతానని పిల్ల పట్టుబట్టింది. మా అమ్మ ససేమిరా అంది.

"పిల్లను సాగనంపే బండి మొగుడు లేనామె నడుపుతదా? నలుగురు ఏమంటరు?"

నేను ఊరుకుంటానా? సమాజం, శాస్త్రం, స్త్రీల హక్కులు, ఏదీ వదలకుండా వాదించాను. అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. పెళ్లి వారం ఉందనగా ఫియట్ వాటర్ పంపు పగిలి ఇంజను పొగలు కక్కింది.

"సూసినవా, దేవుడే వద్దన్నడు" అంది అమ్మ.

అత్త నా వైపు తిరిగింది. "నీ ఉపన్యాసం పోస్తే ఇంజను సల్లబడదు గని, నడువు."

పాత సామాను వెతకడంలో ఆమె పద్ధతి ఒకటే. పాడైన ముక్కను కడిగి, చీరపీలికలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని దుకాణాలు తిరగడం. "పేరు చెప్తే ఉన్నదేదో అంటగడ్తరు. ముక్క సూపెడితే అబద్ధమాడలేరు" అనేది. బజారులో ఒక మరాఠీ దుకాణదారు నవ్వాడు. "మావశీ, నవీ గాడీ ఘ్యా!" కొత్త బండి కొనుక్కోమని.

"మీ అయ్య ముసలోడైతే కొత్త అయ్యను కొంటవా?" అని తెలుగులోనే అడిగింది. అర్థమైనట్టుంది, చాయ్ తెప్పించాడు. విరూర్‌లో ఒక రైతు దగ్గర అదే రకం బండి మూలన పడి ఉందని చెప్పిందీ అతడే.

విరూర్‌లో ఆ కారు కోళ్లగూడైపోయి ఉంది. రైతు మాత్రం ఇవ్వనన్నాడు. "మా నాయిన బండమ్మా. దాన్ని ఇప్పనియ్య."

అత్త బతిమాలలేదు. పీలిక విప్పి పగిలిన పంపు చూపించింది. "నీ నాయిన బండి ఇయ్యాల కోళ్లను మోస్తున్నది బిడ్డా. గా పంపు నాకిస్తే పెండ్లిపిల్లను మోస్తది."

రైతు కోళ్లను బయటికి తోలాడు. పానా అత్తే పట్టింది. ఆ సాయంత్రం గీరుకుపోయిన ఆమె వేళ్లకు పసుపు అద్దింది మా అమ్మే, తిట్టుకుంటూ.

అప్పగింతలయ్యాయి. కారు వాకిట్లో ఆగింది, స్టీరింగ్ దగ్గర అత్త. చుట్టాలంతా అమ్మ మొహం చూశారు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చి ముందు తలుపు లాగింది. రాలేదు.

"ఏం సూస్తున్నవ్? లోపల్నుంచి తియ్యరాదు?"

"ఎనక కూసోరాదు వదినె, జాగ ఉన్నది."

"ఎనక కూసుంటే నీకు తొవ్వ ఎవలు సెప్తరు?"

బండి కదిలింది. వెనక అద్దంలో కళ్లు తుడుచుకుంటున్న నా బిడ్డ. ముందు సీట్లో రెండు తెల్లకొప్పులు, రాజురాకు ఏ రోడ్డు దగ్గరో తేలక, దుమ్ములో కలిసిపోయేదాకా వాదించుకుంటూనే పోయాయి.