బెంచీ ఎరుగని ఆటగాడి కోసం కాజిల్‌బార్ దాకా

మా అమ్మాయి అంజలి ఇక ఫుట్‌బాల్ ఆడనని భీష్మించుకుంది. ఈ ప్రయాణం అందుకే. దానికి పన్నెండేళ్లు. క్లబ్బులో కోచ్ ఒక వారం వెనక, మరో వారం ముందు ఆడిస్తారు. కూరలో కరివేపాకులా వాడుకుంటున్నారని దాని బాధ. నాకేమో హైదరాబాద్ హాస్టల్ టీవీలో చూసిన ఒక ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ గుర్తొచ్చారు. మైదానం అంచున వింగ్‌లో మొదలుపెట్టి, మధ్యలో కుదురుకుని, అవసరమైతే వెనక కాపలాకు రైట్‌బ్యాక్ ఆడి, గోల్‌కీపర్‌కు రెడ్ కార్డ్ పడిన రోజు గ్లవ్స్ కూడా తొడుక్కున్న మనిషి. ఇప్పుడు ఆయన ఐరిష్ అత్తవారి ఊరు, మేయో కౌంటీలోని కాజిల్‌బార్‌లో పిల్లలకు ఆట నేర్పుతున్నారు. మెయిల్ రాస్తే రమ్మన్నారు, బ్లాగులో పేరు మాత్రం వద్దన్నారు.

ఉంటున్న కౌంటీ, అంటే జిల్లా, దాటకూడదన్న కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి శనివారం, పొద్దున ఏడింటికి మేముండే చెర్రీవుడ్‌లో బయలుదేరాం. ఎం50, ఎం4 మోటర్‌వేల మీదుగా లాంగ్‌ఫర్డ్, అక్కణ్ణుంచి ఎన్5 రోడ్డు. మూడు గంటల పైచిలుకు పడుతుంది, టోల్ మూడు యూరోల లోపే. హోటళ్లలో ఇంకా కూర్చోనివ్వడం లేదు కాబట్టి పులిహోర కారులోనే లాగించాం. ఇన్నాళ్లు ఇంట్లో మగ్గాక దారిలో ఆవులు కనిపించినా పండగే.

"ఆయన ఏదో ఒక్క పొజిషన్ ఫిక్స్ చేస్తే చాలు, పనైపోద్ది" అన్నారు మావారు, ఎంపీసీయా బైపీసీయా తేల్చేసినట్టు.

"ఐ డోంట్ కేర్, డాడ్" అంది వెనక సీట్లోంచి అంజలి.

మైదానంలో ఆయనే గోల్‌పోస్టుకు వల కడుతున్నారు. మావారు పలకరింపైనా పూర్తికాకుండా పొజిషన్ సంగతి అడిగేశారు. ఆయన నవ్వి అంజలి వైపు తిరిగారు.

"నువ్వెక్కడ ఆడతావు?"

"ఎక్కడ పడితే అక్కడ" అంది అంజలి మూతి ముడుచుకుని.

"నేనూ అంతే. మరి ఎన్ని మ్యాచ్‌లు ఆడకుండా బెంచీ మీద కూర్చున్నావు?"

అంజలి వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. "ఒక్కటి కూడా లేదు."

"గ్రాండ్!" అన్నారాయన, 'భేష్' అనడానికి మేయోవాళ్లు వాడే మాటతో. "నాకంటే గొప్పగా ఆడేవాళ్లు చాలామంది బెంచీ మీద కూర్చున్నారు. నేను కూర్చోలేదు. ఇవాళ మాకు లెఫ్ట్‌బ్యాక్ రాలేదు, వస్తావా?"

ఆడనని ఒట్టు పెట్టుకుంది కదా, ఆట బూట్లు తేలేదు. మామూలు బూట్లతోనే పరిగెత్తి, రెండుసార్లు బురదలో జారిపడి, లేచి నవ్వింది. నేను గట్టు మీద నిలబడి తెలుగులో ఈలలూ కేకలూ. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

హాస్టల్ రోజుల్లో నేను ఆయన గోల్స్‌కే చప్పట్లు కొట్టాను. ప్రతి జట్టుకూ ఆయన ఎందుకు కావలసివచ్చారో ఇన్నేళ్లకు, మా పిల్ల మొహం చూశాక అర్థమైంది. తిరుగుదారిలో అంజలే అడిగింది: "మమ్మీ, మండే ట్రైనింగ్‌కి ఎవరు రావట్లేదో కోచ్‌ని అడుగుతావా? వాళ్ల ప్లేస్‌లో నేనాడతా."

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పిల్లలు వద్దన్నా సరే, ఆట బూట్లు డిక్కీలో పడేయండి. ఏ మైదానంలోనైనా ఒకరు తక్కువ పడుతూనే ఉంటారు.