గోడకు జరిపిన బల్ల

ఆ దర్జీ దుకాణంలో పెద్దక్క కూర్చోగా చూసినవాళ్లు లేరు. తండ్రి పోయాక దుకాణం తమ్ముడిదైంది, కత్తెర మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. నడిమధ్యన పెద్ద బల్ల, దాని చుట్టూ ఆమె. ఈ పక్కన సుద్దతో గీత గీసి, ఆ పక్కకు వెళ్లి కోసి, మళ్లీ ఇటొచ్చి చూసుకునేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కూర్చునే తీరిక దొరికితే ఆలోచిస్తా" అనేది.

ఈమధ్య తమ్ముడికి దుకాణాన్ని సింగారించాలన్న బుద్ధి పుట్టింది. వచ్చినవాళ్ల కోసం సోఫా తెచ్చాడు, నిలువుటద్దం తెచ్చాడు, చోటు చాలక బల్లను గోడకు నెట్టేశాడు. అక్కను ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయేదో!

"ఇంకా మూడు పక్కలున్నాయి కదక్కా, చాలవూ?" అన్నాడు. అంతటితో ఆగాడా? "ఎలాగూ నీకు కాళ్ల నొప్పులు. త్వరలో గుడ్డలు కోయడానికి కొత్త కట్టర్ వస్తున్నాడు. నువ్వు హాయిగా కూర్చుని గుండీలు కుట్టుకో."

ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దక్క కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. గోడ దాకా వెళ్లడం, ఆగడం, వెనక్కి రావడం. పదునుగా ఉన్న కత్తెరకే మళ్లీ పదును పెట్టడం. గుండీల డబ్బా కనిపిస్తే చాలు, ముఖం తిప్పేసుకుంటోంది.

అలాంటి సమయంలో సంగీతం టీచరమ్మ ముదురాకుపచ్చ మఖమల్ గుడ్డ పట్టుకొచ్చింది. కచేరీలో వేసుకోవడానికి పొడుగు కోటు కావాలంది. గుడ్డ సరిగ్గా సరిపోతుంది, అంగుళం మిగలదు. ఈ కోటు అదిరిపోయేలా కుదిరితే తమ్ముడు కొత్త కట్టర్ మాట మళ్లీ ఎత్తడని పెద్దక్క ఆశ పడింది.

మఖమల్‌తో పెద్ద పేచీ ఒకటుంది. దాని నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే వాలులో కోయాలి. ఒక్కటి తిరగబడినా అది వేరే రంగులా కనిపిస్తుంది. పెద్దక్కకు ఇది నిద్రలో లేపి అడిగినా తెలుసు. వెన్ను కోసింది, ముందు భాగాలు కోసింది, ఒక చెయ్యి కోసింది. రెండో చేతి ముక్క గోడవైపు పడింది. వంగి చూసింది, అందలేదు. ఎప్పుడైనా గుడ్డను కదపకుండా తనే అటు తిరిగి వెళ్లే మనిషి, విసుగెత్తి గుడ్డనే ఇటు తిప్పింది. నమూనా కాగితాన్ని కూడా తిప్పాలన్నది మరిచి, అలవాటు చొప్పున ఎప్పటిలాగే పరిచి కోసేసింది.

కోటు కుట్టి కొక్కేనికి తగిలించాక తమ్ముడి భార్య అంది, "వదినా, ఈ చెయ్యి వెలిసిపోయినట్టుందేంటి?"

పెద్దక్క అరచేత్తో నిమిరింది. మిగతా కోటంతా నున్నగా జారింది, ఆ చెయ్యి మాత్రం గరుకుగా తగిలింది. మళ్లీ కోద్దామంటే మిగిలిన గుడ్డ లేదు.

మర్నాడు టీచరమ్మ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. చూస్తుండగానే ఆమె ముఖం వాడిపోయింది. "ఇదేంటండీ, ఒక్కో చెయ్యి ఒక్కో రంగులో ఉంది?"

పెద్దక్క నోరు తెరిచేలోపే తమ్ముడు అడ్డొచ్చాడు. "పొరపాటు నాదేనండీ. అది నేనే కట్ చేశా. అక్కకు అసలు తెలీదు."

వాడికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. నీళ్ల గ్లాసు ఒలకబోసిన పసిపిల్లను వెనకేసుకొచ్చినట్టు వెనకేసుకొచ్చాడు. పెద్దక్కకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఇప్పుడు నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కానీ వాడి జాలికి తలొగ్గినట్టే, కత్తెర పోతుంది.

"వాడి మాట నమ్మకండి టీచరమ్మా. వాడికి కత్తెరలో ఏ వేలు పెట్టాలో కూడా తెలీదు. ఆ చెయ్యి కోసింది నేనే. నూగు తిరగేసి కోశా."

"మరి ఇప్పుడెలాగమ్మా?"

"రెండు చేతులూ విప్పేస్తా. నల్ల పట్టుగుడ్డ తెచ్చి మళ్లీ కోస్తా. నేనే కోస్తా." ఆ చివరి మాట తమ్ముడి వైపు తిరిగి అంది.

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కోటు విప్పింది. తమ్ముడు అందుకోబోయాడు. ఆమె అతన్ని దాటి వచ్చి, కోటు పెద్దక్క చేతికిచ్చింది.