హెడ్‌ఫోన్స్‌లో పాప దగ్గు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వే మనిషిని నేను. బీఎస్సీ చదివాను. పాప పుట్టాక భయాలు పెరిగిన మాట నిజమే కానీ, అవన్నీ జ్వరాలు, దోమలు, కరెంటు ప్లగ్గుల గురించే.

మాది బొబ్బిలి. మావయ్య వీణలు చేస్తారు. దూరాన ఉండి కొనేవాళ్లు ముందు నాదం వినాలంటారు కాబట్టి, ఆయన వాయించింది కంప్యూటర్‌లో రికార్డు చేసి పంపడం నా పని. తొమ్మిది నెలల పాప లోపలి గదిలో చీర ఉయ్యాల్లో పడుకుంటుంది. పక్కన పాత ఫోను పెడతాను. ఆ గది చప్పుడు కంప్యూటర్‌కు వచ్చి నా హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది.

ఒక్కటే చిక్కు. రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపూ సౌండ్ కార్డును తనే పట్టుకుంటుంది, పాప గది చప్పుడును రానివ్వదు. అందుకే ఐదు నిమిషాలకోసారి దాన్ని మూసి, పాప గది విని, మళ్లీ తెరిచేదాన్ని.

ఆ మధ్యాహ్నం మూయడం మరిచాను. రికార్డు చేసిన వీణ వింటుంటే ఎడమ చెవిలో పాప దగ్గింది. రెండుసార్లు, పొడిగా. పరిగెత్తాను.

పాప నోరు తెరిచి ఉంది, చప్పుడు లేదు. ముఖం నల్లబడింది. నాలుక వెనక గొంతుకు అడ్డంగా కనిపిస్తున్న మైనం ముద్దను వేలితో లాగేశాను. అప్పుడు ఏడ్చింది. వీణకు మెట్లు బిగించే మైనం అది. మావయ్య పని మధ్యలో లేచి వచ్చి, ఆ చేత్తోనే ఉయ్యాల ఊపి వెళ్లారట. చీర అంచుకు అంటుకున్నది పాప నోట్లోకి వెళ్లింది.

"నా సెయ్యిరిగిపోనూ! ఊపిరాడతన్నాదేటమ్మా?" అంటూ ఆయన కూలబడ్డారు. పాప మీసం పట్టి లాగేదాకా ఆయన ఏడుపు ఆగలేదు.

ఆ దగ్గు నాకెలా వినపడిందా అని సాయంత్రం మా మరిది కంప్యూటర్ చూశాడు. రికార్డింగ్ ప్రోగ్రాం ఇంకా తెరిచే ఉంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే, ఉయ్యాల దగ్గర మావయ్యను దగ్గమన్నాడు.

"గట్టిగా దగ్గు నాన్నా! పెళ్లిసూపులకొచ్చినట్టు సిగ్గేటి?"

ఆరుసార్లు దగ్గారు. నాకు ఒక్కసారీ వినపడలేదు. రికార్డు చేసిన ఫైల్లోనూ దగ్గు లేదు. నేరుగా వినపడాలన్నా మధ్యలో రెండు గోడలు, పెరట్లో రంపం చప్పుడు.

"రాదొదినా. రావడానికి దారే లేదు."

"తల్లి గదరా, ఇనబడతాది. దానికి వైరెందుకు?" అన్నారు మావయ్య. మరి అంతకుముందు రోజు పాప నాలుగు నిమిషాలు ఏడ్చినా, ప్రోగ్రాం మూసేదాకా నాకెందుకు వినపడలేదు?

రెండు శబ్దాలూ కలిసి వచ్చేలా మరిది మార్చాడు. అయినా ఉయ్యాలను నా కుర్చీ పక్కకే తెచ్చుకున్నాను. మావయ్య ఇప్పుడు చేతులు కడిగి, రెండు వైపులా నాకు చూపించాకే ఊపుతారు.

మర్నాడు డాక్టరమ్మ ఒక మాట అంది. అలా గొంతుకు అడ్డం పడితే పిల్లలకు దగ్గడానికి కూడా ఊపిరి ఉండదట.

మరి ఆ రోజు దగ్గిందెవరో నాకు తెలియదు. పాప నా పక్కనే నిద్రపోతోంది.